పేరు జారిన పాటలు

2020 ఆగస్టు 4న వంగపండు ప్రసాదరావు పార్వతీపురంలో కన్నుమూశాడు. కరోనా రోజులు. నలుగురు ఒకచోట చేరడమే తప్పైపోయిన కాలంలో, జనం లేకపోతే పాటే లేదనుకున్న మనిషి వెళ్లిపోయాడు. ఆ వార్త వచ్చిన ప్రతిచోటా ఆయన పేరు ముందు ఒక బిరుదు కనిపించింది: ‘ఉత్తరాంధ్ర గద్దర్’. రాసినవాళ్లు గౌరవంగానే రాశారు, చదివినవాళ్లూ అలాగే తీసుకున్నారు. నా చూపు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పోయిన రోజున కూడా ఒక పాటగాడిని ఇంకో పాటగాడి పేరు ఆసరాగా పరిచయం చేయాల్సి వచ్చిందన్నమాట. గద్దర్‌ని ‘తెలంగాణ వంగపండు’ అని ఎవరైనా అన్నారా? వయసు చూస్తే వంగపండే పెద్ద, 1943లో పుట్టాడు. 1972లో పుట్టిన ఉద్యమ కళాబృందం జననాట్యమండలిలో ఇద్దరూ తొలి తరం వాళ్లే.

ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. ఆయన ఎక్కడ నిలబడితే అదే వేదిక. ఆ గొంగడి, ఆ నిలువెత్తు విగ్రహం, ఆ గొంతు అన్నీ కలిసి పాటైపోయేవి. పైగా ఆయన మసిలింది హైదరాబాదు చుట్టుపక్కల, పత్రికలకూ కెమెరాలకూ అందుబాటులో. చివరికి తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకే ఆయన పేరు పెట్టింది. మన పార్వతీపురం హైదరాబాదుకు చాలా దూరం. ఆ తర్వాత రాజధాని ఎటు మారినా ఆ దూరం పెద్దగా తగ్గలేదు.

పాట ప్రజలది అయిపోతే దాని మీదున్న పేరు జారిపోతుంది. ఇది వంగపండు ఒక్కడికే జరగలేదు. ‘ఊరు మనదిరా’ ఎవరిదని అడిగితే చాలామంది తడుముకోకుండా గద్దర్ అంటారు. రాసింది గూడ అంజయ్య. ‘కొండలు పగలేసినం’ చెరబండరాజుది. ఉద్యమ సభల్లో పాట మొదలుపెట్టే ముందు ‘రచన ఫలానా’ అని చెప్పే మర్యాద ఆకాశవాణి వాళ్లదే తప్ప పాడేవాళ్లది కాదు. పాట మీద సంతకం ఉండటం ఒక రకం సొంతదారుతనంగా కూడా కనిపించి ఉంటుంది, సొంత ఆస్తినే ప్రశ్నిస్తూ తిరుగుతున్నవాళ్లకి. ఇంకో భయమూ ఉండేది. కొన్ని పాటల కింద పేరు కనిపిస్తే పోలీసులకి పని సులువవుతుంది. కారణాలు ఏవైనా, పాడేవాడి నోట పాట పాడేవాడిదైపోయింది. గట్టి గొంతున్నవాడి దగ్గరికి పాటలు వాటంతటవే వెళ్లి చేరాయి.

అలా చెల్లాచెదురైన వాటిని ఒకచోట పెడితే ఎలా ఉంటుందో నేను విన్నది ఈమధ్యనే. బొబ్బిలిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు. పాత క్యాసెట్లు పోగేయడం ఆయనకి ఉద్యోగం రోజుల నుంచీ ఉన్న పిచ్చి. బూజు పట్టిన వాటిని విప్పి, రీలు తుడిచి, మళ్లీ బిగించి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఆ పద్ధతిలో వంగపండు పాటలు కొన్ని ఏరి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ఫోల్డర్ పేరు ‘వంగపండు ఆణిముత్యాలు’. చూడగానే నవ్వొచ్చింది. ఆణిముత్యాలంటే మన తరానికి ఘంటసాల క్యాసెట్టే కదా గుర్తొస్తుంది! నున్నటి గొంతు, వెనక వయొలిన్లు, అట్ట మీద గంధం బొట్టు. ఈ గొంతులో నునుపెక్కడిది? ఎండలో తిరిగిన గొంతు ఇది. పై స్థాయిలో కాస్త చిరుగుతుంది, ఆ చిరుగుని దాచుకోదు.

‘మంచి పాటలు’ అని ఏరికూర్చిన సంకలనాలంటే సంగీతం బాగా తెలిసినవాళ్లకి చిన్నచూపు. అసలు ఆల్బం వినే ఓపిక లేనివాళ్లకి అవి అంటారు. బాబ్ డిలన్‌కి 1967లోనే అలాంటిది వేశారు, అప్పటికి ఆయనకి పట్టుమని ముప్పై ఏళ్లు కూడా లేవు. కంపెనీలకి అదొక వ్యాపారం. కానీ ఆ చిన్నచూపు ఇక్కడ వర్తించదు. వంగపండుకి ‘అసలు ఆల్బం’ అనేదేదీ లేదు. ఆయన పాట పుట్టింది సభకి, ఊరేగింపుకి, సమ్మె శిబిరానికి, ఊరి మధ్య రచ్చబండకి. ఆ రాత్రితో ఆ ప్రదర్శన అయిపోయేది. మర్నాడు ఇంకో ఊరు. ఒక పాట పక్కన ఇంకో పాటని పెట్టి, ఈ రెండూ రాసిన చెయ్యి ఒకటేనా అని చూసుకునే వీలు ఎవరికీ లేకపోయింది. మిగతావాళ్ల విషయంలో సంకలనం ఉన్నదాన్ని కుదిస్తుంది. వంగపండు విషయంలో ఆ పాటల వెనక ఒక మనిషి ఉన్నాడని మొదటిసారి చూపిస్తుంది.

పాటలన్నీ వరసగా విన్నాక నాకు తట్టిన మొదటి సంగతి: ఈయనకి ప్రశ్న అంటే ఇష్టం. బాగా పేరొచ్చిన రెండు పాటల్నే చూడండి. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఒక ప్రశ్న. ‘యంత్రమెట్టా నడుస్తు ఉందంటే’ ఇంకో ప్రశ్న. పల్లవిలోనే అడిగేస్తాడు, ఆపైన చరణాలన్నీ జవాబు వెతుక్కుంటూ సాగుతాయి. ఉద్యమ పాటలు ఎక్కువగా పిలుపుతో మొదలవుతాయి. లే, కదులు, రా, పోరాడు. పిలుపుకి ఎదురుగా కూర్చున్నవాడు చేయగలిగింది రెండే: లేవడం, లేవకపోవడం. ప్రశ్న అలా కాదు. విన్నవాడు జవాబు కోసం ఓ క్షణం తనలోకి చూసుకుంటాడు. ఊళ్లో పొడుపుకథ వేసినప్పుడు పిల్లల ముఖాలెలా మారతాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అడిగినవాడికి జవాబు తెలుసని అందరికీ తెలుసు, అయినా తామే ముందు చెప్పాలని తొందర. వంగపండు మీటింగు మైకు ముందు చేసింది ఆ పనే. చదువురానివాడికి పాఠం చెప్పే బదులు వాడినే అడిగాడు, ఇదెలా నడుస్తోంది చెప్పు అని.

యంత్రం పాట గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. రైతు గురించి, పొలం గురించి, అడవి గురించి మనకి బోలెడు పాటలున్నాయి. ఫ్యాక్టరీ గురించి తక్కువ. ఉన్నవాటిలో కూడా చాలా వరకు గేటు బయట నిలబడి రాసినవే. పొగగొట్టం కనిపిస్తుంది, సైరన్ వినిపిస్తుంది, లోపల ఏం జరుగుతుందో మాత్రం కనబడదు. వంగపండు విశాఖ షిప్‌యార్డులో పనిచేసినవాడు. పెదబొండపల్లి నుంచి వెళ్లి ఓడలు కట్టే చోట చేరాడు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టిన యార్డు అది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది అక్కడి నుంచే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ఓడ గురించీ ఉంటుంది, నెహ్రూ గురించీ ఉంటుంది. దాని రేకులు అతికినవాడు, బోల్టు బిగించినవాడు ఏ పుస్తకంలోనూ లేడు. వంగపండు పాట అడిగే ప్రశ్న సూటిగా అక్కడికే వెళుతుంది. యంత్రం ఎలా నడుస్తోందంటే ఇంజినీరు చెప్పే జవాబు ఒకటి, దాని ముందు ఎనిమిది గంటలు నిలబడ్డవాడు చెప్పేది ఇంకొకటి. పాట రెండోవాడి తరఫున మాట్లాడుతుంది. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం దాని వాదం కాదు, నడక. ఒక మాట వెనక ఒక మాట పడే తీరులో ఒక తిరుగుడుంది. మధ్యలో ఊపిరి తీసుకునే చోటు వెతికితే దొరకదు. షిఫ్టులో నిలబడ్డవాడికి మాత్రమే వచ్చే లయ అది. నెల్లిమర్ల జనపనార మిల్లు, బొబ్బిలి మిల్లు, శ్రీకాకుళం నుంచి విశాఖకీ అక్కడి నుంచి ఇంకా దూరాలకీ బతుకుతెరువు కోసం పోయిన జనం... మన జిల్లాల్లో ఈ పాటకి శ్రోతలు ఎప్పుడూ కరువు కాలేదు.

‘ఏం పిల్లడో’ సంగతి వేరు. దాన్ని మనమందరం ఎంతగా విన్నామంటే ఇక వినడం మానేశాం. 2009లో ‘మగధీర’లో ఆ మాట వినబడేసరికి కుర్రకారుకి అది సినిమా మాటైపోయింది. పెళ్లి ఊరేగింపులో డీజే మోగుతుంటే, దాని కింద శ్రీకాకుళం కొండలున్నాయని ఎవరికి గుర్తొస్తుంది? సినిమా మీద నాకు కోపమేమీ లేదు. వంగపండు కూడా సినిమాకి రాసినవాడే. ఆర్. నారాయణమూర్తి మొదటిసారి దర్శకుడై 1986లో తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’తోనే ఆ వైపు అడుగుపెట్టాడు. ఇబ్బందల్లా ఎక్కడంటే, పల్లవి ఊరేగుతుంటే చరణాలు ఇంట్లో ఉండిపోయాయి.

మాస్టారి సంకలనంలో ఆ పాట మొత్తం ఉంది, చరణం చరణంగా. పిల్లడు, పిల్ల, ఒకరినొకరు పిలుచుకోవడం. మన వైపు ఊడుపుల్లోనూ కోతల్లోనూ ఆడా మగా మాటకి మాట అందుకునే పాటలున్నాయి. ‘పోదాం వస్తావా’ అంటే ఎక్కడికో చెప్పకుండానే అర్థమయ్యే సరసం. ఆ కట్టునే తీసుకుని, ఎక్కడికన్న దగ్గర మార్చేశాడు. లేచిపోదామని పిలిచినట్టే ఉంటుంది, తీరా చూస్తే పోయేది కొండల్లో జరుగుతున్న పోరాటానికి. దారిలో చిలకల్లాంటి సాధు ప్రాణులు కూడా కత్తులు పట్టి కనిపిస్తాయి. జానపద కథలో ఉండే వింతలోకం అది, చందమామ పుస్తకంలో బొమ్మ వేయొచ్చు. సిద్ధాంతం ఒక్క ముక్క చెప్పడు. చిలక కూడా ఊరుకోలేని కాలం వచ్చిందని తెలుస్తుంది, చాలు. సరసం, వింత, కోపం మూడూ ఒకే పాటలో ఒకదాని కాళ్లు ఒకటి తొక్కకుండా నడిచాయి. అలా నడిపించడం తేలికైన విద్య కాదు. గొప్ప గొప్ప కవులు కోపం వచ్చినప్పుడు మొదట పోగొట్టుకునేది సరసాన్నే.

పాటలో శ్రీకాకుళం దూరపు ఊరేమీ కాదు. వంగపండు పెరిగిన రోజుల్లో పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లింది. 2022లో పార్వతీపురం మన్యం పేరుతో తనే జిల్లా అయింది. ఇల్లు కదలకుండా మూడు జిల్లాలు మారిన ఊరు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి వెళుతున్నవాళ్ల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. అక్కడి నుంచి మొదలైన శ్రీకాకుళం గిరిజన పోరాటం మూడేళ్లలో ఎందరిని మింగిందో ఈ ప్రాంతానికి తెలుసు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు, 1970 జులైలో చనిపోయారు. అంతకు ముందే, 1969 డిసెంబరులో, సుబ్బారావు పాణిగ్రాహి. బొడ్డపాడు గుళ్లో పూజారి, కవి. జముకుల కథ కట్టి ఊరూరా చెప్పినవాడు. వంగపండుకి ముందు ఈ నేల మీద ఉద్యమం కోసం రాసి, పాడి, ఆడి చూపిన మనిషి ఆయనే. ఆ దారి మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, తుపాకీ మీద నమ్మకం నాకెప్పుడూ కుదరలేదు. అయినా ఆ కొండల్లో తూకం దగ్గరా, అప్పు దగ్గరా, భూమి దగ్గరా జరిగిన మోసం గిరిజనుడు కల్పించుకున్నది కాదు. ఆ మోసం లేకపోతే ఆ పాటా లేదు.

ఇప్పుడు కాస్త పక్కకి వెళతాను. పార్వతీపురం మన్యం జిల్లాలోనే బలిజిపేట వైపు అజ్జాడ అనే ఊరుంది. 1864లో ఆదిభట్ల నారాయణదాసు పుట్టింది అక్కడే. కాళ్లకి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, తను రాసిన కథని తనే పాడుతూ, ఆడుతూ, మధ్యలో జనాన్ని నవ్విస్తూ గంటల తరబడి నిలబెట్టిన హరికథా పితామహుడు. విజయనగరంలో 1919లో సంగీత పాఠశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు వినిపించిందీ, ఘంటసాల మాధుకరం తిని పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాఠం నేర్చుకున్నదీ ఆ ఊళ్లోనే. సుశీల ఆ ఊరి అమ్మాయి. సాలూరి రాజేశ్వరరావు సాలూరు పక్క శివరామపురం. మా వైపు సంగీతం మీద ఉపన్యాసమంటే ఈ పేర్లన్నీ దండ కట్టినట్టు వస్తాయి. నేను విన్న ఉపన్యాసాల్లో ఒక్కదాంట్లోనూ ఆ దండలో వంగపండు పేరు వినబడలేదు.

ఎందుకు రాకూడదు? అజ్జాడలో పుట్టినాయన రాసి, పాడి, ఆడాడు. పెదబొండపల్లిలో పుట్టినాయనా రాసి, పాడి, ఆడాడు. ఇద్దరి కాళ్లకీ గజ్జెలే. ఒకరికి ఆనందగజపతి కొలువు, ఇంకొకరికి కూలీల సభ. ఒకరు ఉమర్ ఖయ్యాంని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన పండితుడు, ఇంకొకరి సాహిత్యం అంతా పొలం గట్టు మీద దొరికిన మాట. విద్వత్తులో పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు, పెడితే ఇద్దరికీ అన్యాయమే. కానీ రాసే చెయ్యి, పాడే గొంతు, ఆడే కాలు ఒకే ఒంట్లో ఉండటం అరుదైన సంగతి. ఒక్క జిల్లా అలాంటివాళ్లను ఇద్దర్నిచ్చింది. ఒకరిని శాస్త్రం లెక్కలో రాసుకున్నాం, రెండోవారిని ఉద్యమం లెక్కలో రాసి మూసేశాం. సంగీతం గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండో పుస్తకం ఎవరూ తెరవరు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం వంగపండుకి కళారత్న పురస్కారం ఇచ్చింది. మంచిదే. అయితే వంగపండు కట్టిన వరసల్లో తప్పెటగుళ్ల అడుగెంత, జముకుల కథ వంతెంత, తూర్పు భాగోతం ఎత్తుగడెంత అని కూర్చుని లెక్క తీయడం శాలువా కప్పడంతో అయ్యే పని కాదు.

ఆ లెక్కకి ఈ సంకలనం కొంత పనికొచ్చింది. తప్పెటగుళ్లు చూసినవాళ్లకి తెలుసు, గుండెల మీద రేకు మోగిస్తూ ఎగురుతూ పాడతారు. ఎగిరేవాడికి దీర్ఘం తీసే వీలుండదు, పాటంతా చిన్న చిన్న ఊపిరి ముక్కలుగా తెగుతుంది. వంగపండు వాక్యం కూడా అలాగే తెగుతుందని నాకనిపిస్తుంది. చదువుతుంటే మరీ పొట్టిగా, ఆగి ఆగి ఉన్నట్టు తోస్తుంది. వింటే ఆగినచోటల్లా అడుగు పడింది. ఇక భాగోతం. భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పే నృత్యరూపకం రాసినప్పుడు దానికి ‘భూమి భాగోతం’ అనే పేరు పెట్టాడాయన. మన ఊళ్లలో భామాకలాపం చూడటానికి తెల్లవార్లూ కూర్చునే జనానికి ఆ పేరు ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. వేషాలుంటాయి, వెక్కిరింపు ఉంటుంది, మధ్యలో ఎవడో ఒకడికి బాగా తగులుతుంది. అవన్నీ ఆశించే వచ్చి కూర్చుంటారు, నిరాశపడరు.

అన్నీ బాగున్నాయని చెప్పను. సంకలనంలో కొన్ని పాటలు ఇప్పుడు వింటే చప్పగా ఉన్నాయి. నినాదాల జాబితాకి వరస కట్టినట్టున్నవి కొన్ని, శత్రువుల పేర్లు మారిపోవడంతో పళ్లూడిపోయినవి కొన్ని. పార్టీ మాట్లాడినచోట వంగపండు వినబడడు. పిల్లడో, కూలోడో, ఇంటి ఆడదో మాట్లాడినచోట వెంటనే పోల్చుకోవచ్చు. రికార్డింగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సభలో పట్టినవాటిలో గజ్జెల చప్పుడు, వంత, ఎవరో పిల్లాడి ఏడుపు, మైకు కూత అన్నీ ఉన్నాయి, పాట బతికి ఉంది. తర్వాతి రోజుల్లో స్టూడియోలో చేసిన కొన్నింట్లో డప్పు బదులు కీబోర్డు టకటకమంటుంది. ఆ టకటకకి అలసట లేదు, అందుకే ఊపూ లేదు. వంత పాడేవాళ్లు కూడా శ్రుతిలో శుభ్రంగా పాడారు. కూలి చేసి వచ్చి వంత అందుకునేవాళ్లు అంత శుభ్రంగా పాడరు, పాడకూడదు కూడా.

ఆట కనబడకపోవడం ఇంకో లోటు. వంగపండు పాటని చెవులతో మాత్రమే వినడమంటే సగం పాట వదులుకోవడమే. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య ఉత్త డప్పు మాత్రమే వినబడే ఖాళీలున్నాయి. ఆ ఖాళీల్లో ఆయన వేదిక మీద ఏం చేస్తున్నాడో జనం అరుపుల్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

అమెరికాలో వుడీ గత్రీ అనే పాటగాడి కథ ఈ సందర్భంలో గుర్తొస్తుంది. కరువుకి ఊళ్లొదిలి పోయిన జనంతో తిరిగి, వాళ్లకోసం పాటలు కట్టినవాడు. 1940లో ఆయన రాసిన ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’ ఇప్పుడు అక్కడ బళ్లలో పిల్లలు దేశభక్తి గీతంలా పాడుతారు. సొంత ఆస్తిని నిలదీసే చరణం మాత్రం పాడేటప్పుడు చాలాసార్లు మాయమవుతుంది. మన ‘ఏం పిల్లడో’కి జరిగింది అదే, పల్లవి మిగిలింది. అయితే ఒక తేడా ఉంది. గత్రీ 1940ల్లో పాడినవాటిని మోజెస్ ఆష్ అనే ఆయన వందల కొద్దీ రికార్డు చేసి దాచాడు. తర్వాతివాళ్లకి కోసేసిన చరణం వెతుక్కోవడానికి ఒక చోటంటూ మిగిలింది. ఆ పని మన దగ్గర జరుగుతున్నది బొబ్బిలిలో ఒక పెంకుటింటి వసారాలో, మాస్టారి పెన్షన్ డబ్బుతో.

ఆయనకీ నాకూ పేచీ ఒకటి నడుస్తోంది. పేరున్న రెండు పాటల్నీ మొదట్లో పెట్టారాయన. అవి ముందుంటే మిగతావాటిని ఎవరూ వినరు, చివర్లో పెట్టండి మాస్టారూ అంటాను.

“అదేటి బాబూ, పెళ్లికొడుకుని ఊరేగింపు సివర్న నడిపిస్తారా?” అంటారు.

సినిమాలో వచ్చిన ముక్క కూడా చేర్చుదామా అని ఒకసారి అడిగాను. ఇక్కడి మాట ఎంత దూరం పోయిందో వినేవాడికి తెలుస్తుంది కదా అని నా వాదం. ఆయన ససేమిరా అన్నారు. “అది ఆల దగ్గర ఉంది కదా, ఆలకి దాసుకోడానికి బోల్డు సోటుంది. మన సోటు తక్కువ.” ఈ విషయంలో ఆయనే గెలిచారు.

రెండో భాగం తయారవుతోంది. దానికోసం ఆయన ఒక లాంగ్‌నోట్ పుస్తకంలో గళ్లు గీశారు. పాట మొదటి మాట, ఎవరు పాడారు, ఎక్కడ దొరికింది, ఎవరు రాశారు. చివరి గడిలో కొన్నిచోట్ల ఖాళీ వదిలారు. వంగపండుదేనని ఊరంతా అంటున్న పాటలే అవి. పోనీ రాసేయొచ్చు కదా, అడిగేవాడెవడు అన్నాను. కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

“ఆయన పాటల్ని ఇంకోలకి ఇచ్చేసినారని కదా మన గోల. ఇప్పుడు ఇంకోల పాటలు ఆయనకి ఇచ్చెయ్యమంటావా?”

ఆ పాటలన్నిటినీ విడిగా ఇంకో ఫోల్డర్‌లో వేశారు. పాలకొండలో ఒకాయన దగ్గర ఆ రోజుల్లో సభల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఒక ట్రంకు పెట్టెడు ఉన్నాయట. చెదలు పట్టకముందే చూడాలంటున్నారు. వచ్చే ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్లాలని అనుకున్నాం. ఫొటోలు తీయడానికి ఫోను ఛార్జింగ్ పెట్టి తెమ్మన్నారు.